అద్దాల రహిత జిల్లా

కొళాయి కింద కళ్లద్దాలు కడిగి చున్నీ అంచుతో తుడుస్తున్నాను. ఎడమ అద్దం మీద నూనె మరక ఒకటి ఎంత తుడిచినా పోవడం లేదు, కాస్త పక్కకు జరిగి కూర్చుంటోంది. అప్పుడే ఫోన్ మోగింది. అద్దాలు చేతిలో ఉన్నాయి గనుక ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చదివాను. కార్యాలయం వాట్సాప్ గ్రూపులో డీడీ గారి సందేశం. 'సిబ్బంది యావన్మందీ పది గంటలకు సమావేశ మందిరంలో హాజరు కావలెను. కళ్లద్దాలు గలవారు వాటితో సహా రావలెను.'

కళ్లద్దాలు ఉన్నవాళ్లం అవి లేకుండా ఆఫీసు దాకా ఎలా వస్తామో నాకు అర్థం కాలేదు. కానీ నేను ప్రొబేషన్‌లో ఉన్న జూనియర్ అసిస్టెంట్‌ని. అర్థం చేసుకోవడం నా విధుల్లో లేదు.

మాది అక్షర వ్యాప్తి శాఖ. చదువు రాని పెద్దవాళ్లకు చదువు చెప్పించడం, చెప్పించినట్టు లెక్కలు పంపడం మా పని. రెండో పని మొదటిదానికంటే చురుగ్గా సాగుతుంది. జిల్లాకు పెద్ద, డిప్యూటీ డైరెక్టర్ త్రివిక్రమరావు గారు. ఆయన్ను అందరం డీడీ గారంటాం. ఆయన కింద సూపరింటెండెంట్ పరంధామయ్య గారు, వాళ్లందరి కింద నేను.

సంగతంతా ఒక ఫోటోతో మొదలైంది. అంతకు ముందు నెల రాజధానిలో శాఖ వార్షికోత్సవం జరిగింది. ఒక్కో జిల్లా సిబ్బందికి ఒక్కో ఫోటో తీశారు. మా జిల్లా ఫోటోలో ఫ్లాష్ వెలుగు అందరి అద్దాల మీదా పడి, కళ్లు ఉండాల్సిన చోట తెల్లటి చుక్కలు వచ్చాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దలు చీకట్లో రోడ్డు దాటుతున్న పిల్లుల్లా కనిపించారు. అది చూసిన పై అధికారి ఒకరు, "ఈ జిల్లాలో ఎవరికీ కళ్లు లేవా?" అన్నారట. నవ్వుతూ అన్నారని కొందరు చెప్పారు, కోపంగా అన్నారని కొందరు. మా శాఖలో పైవాళ్లు నవ్వుతూ అన్నదాన్ని కూడా కిందివాళ్లు నవ్వకుండా అమలు చేస్తారు కాబట్టి పెద్దగా తేడా లేదు.

ఫోటోగ్రాఫర్‌ను మారిస్తే సరిపోతుందని నాకు అనిపించింది. ఇంకెవరికీ అనిపించినట్టు లేదు.

సమావేశంలో డీడీ గారు లేచి నిలబడ్డారు. "మిత్రులారా! అజ్ఞానాంధకారాన్ని పారదోలు శాఖ మనది. అట్టి శాఖ సిబ్బంది దృష్టి లోపముతో కానవచ్చుట శాఖ ప్రతిష్ఠకు భంగకరం. ఇప్పటికే మనం ప్లాస్టిక్ రహిత కార్యాలయంగా ప్రకటించుకొని యున్నాం." ఆ ప్రకటన తాలూకు ఫ్లెక్సీ ఆయన వెనకే రెపరెపలాడుతోంది. "ఇక తదుపరి అంచె. రాష్ట్రంలోనే మొట్టమొదటి కళ్లద్దాల రహిత జిల్లాగా మన జిల్లాను తీర్చిదిద్దుటకు కార్యాచరణ ప్రణాళిక రూపొందించడమైనది."

పరంధామయ్య గారు తన అద్దాలు తీసి చేత్తో పట్టుకుని, "అంటే వీటిని తీసేయమంటారా సార్?" అని అడిగారు.

"తీసివేయుట తాత్కాలిక ఉపశమనం. లోపమును మూలము నుంచి నిర్మూలించవలెను. లేజరు శస్త్రచికిత్స. నగరంలోని ఒక ఆసుపత్రి వారు మన సిబ్బంది కొరకు ప్రత్యేక శిబిరం నిర్వహించుటకు అంగీకరించిరి. ఇది పూర్తిగా స్వచ్ఛందం. స్వచ్ఛందంగా ముందుకు రాని వారి పేర్లు విడిగా నమోదు చేయబడును."

నా వైపు చూసి ఒక్క క్షణం ఆగారు. "ప్రొబేషన్‌లో ఉన్నవారి విషయంలో స్వచ్ఛందత తప్పనిసరి."

టీ గ్లాసులు తెచ్చిన అటెండర్ మస్తాన్‌వలి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "నాకు అద్దాల్లేవు గందా సార్, నేనేం జెయ్యాల?" అన్నాడు.

"నీవు ఇదివరకే లక్ష్యమును సాధించినవాడవు" అన్నారు డీడీ గారు. ఆ వారంలోనే మస్తాన్‌వలికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో అతనికి వచ్చిన మొదటి ప్రశంస, పుట్టినప్పటి కళ్లు పుట్టినట్టే ఉన్నందుకు.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మకు సంతోషమే కలిగింది.

"జేయించుకోయే. అద్దాల్లేకపోతే నీ మొకం ఎంత కళగా ఉంటదో! ఆరో తరగతిలో పెట్టించా, అప్పటినుంచి నీ కళ్లు నేను సరింగా చూడనేలా" అంది.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. వానలో తడిసిన అద్దాల గుండా కాకుండా వానను ఒక్కసారైనా ఉత్త కళ్లతో చూడాలని నాకు చిన్నప్పటినుంచీ ఉంది. నిద్ర లేవగానే గడియారం గోడ మీద గుండ్రటి మచ్చలా కాక గడియారంలాగే కనిపిస్తే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. ఎవరూ బలవంతం చేయకపోతే నేనే వెళ్లి అడిగేదాన్నేమో. శిబిరానికి పేరిచ్చాను.

కానీ ముందు వరస పెద్దలది. పరంధామయ్య గారు మొదట చేయించుకున్నారు. కొద్ది రోజులకు నల్లటి చలువ అద్దాలు పెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. అవి ఆపరేషన్ తర్వాతి అద్దాలు కాబట్టి లెక్కలోకి రావని డీడీ గారు విడిగా ఉత్తర్వు ఇచ్చారు. అవి తీసిన రోజున పరంధామయ్య గారిని పట్టడానికి వీల్లేకపోయింది.

"అమ్మాయ్! ఆ రోడ్డవతల బస్సు మీద పేరు చదవమంటావా? అదుగో, ఆ డాబా మీద ఆరేసిన చీర అంచు మీద నెమళ్లున్నాయి. లెక్కపెట్టమంటావా?"

"వద్దు సార్, ఆ చీర వాళ్లు చూస్తున్నారు" అన్నాను.

మధ్యాహ్నం ఆయన బల్ల మీదకు మొదటి ఫైలు వచ్చింది. ఇదివరకు ఆయన ఫైలు వస్తే అద్దాలు నుదుటి మీదకు నెట్టి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని హాయిగా చదివేవారు. ఇప్పుడూ అలాగే పెట్టుకున్నారు. కాగితం మీద చీమల బారులాంటిదేదో తప్ప కనిపించలేదు. చేయి చాపి చూశారు. ఇంకా చాపారు. చేయి అయిపోయింది.

ఆ వయసువాళ్లకు దూరపు చూపు సరిచేస్తే దగ్గరివి చదవడానికి అద్దాలు కావాలని డాక్టర్లు ముందే చెప్పి, చెప్పినట్టు కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. అయితే సంతకం పెట్టే కాగితాన్ని చదివే ఆచారం మా శాఖలో లేదు. వరసగా ఆపరేషన్లు చేయించుకుని వచ్చిన పెద్దలందరిదీ అదే పరిస్థితి. డీడీ గారికి దూరపు చూపు మొదటినుంచీ బాగానే ఉంది. చదవడానికి మాత్రం బంగారు రంగు ఫ్రేము అద్దాలుండేవి. వాటిని ఆయన అందరికీ ఆదర్శంగా త్యాగం చేశారు.

పరంధామయ్య గారు వెళ్లి సందేహం అడిగారు. "సార్, చదువుకునే అద్దాలు కూడా కళ్లద్దాల కిందకే వస్తాయా?"

డీడీ గారు కళ్లు మూసుకుని ఆలోచించి నిర్వచనం చెప్పారు. "కళ్లద్దము అనగా కంటికిని, చూడదలచిన వస్తువునకును నడుమ ఉంచబడు ఏదేని అద్దము."

"మరి కిటికీ అద్దం సార్?" అన్నాడు ఖాళీ గ్లాసులు తీస్తున్న మస్తాన్‌వలి.

అతను తమాషాకే అన్నాడు. మర్నాడు వడ్రంగి వచ్చి కిటికీ అద్దాలన్నీ పీకేశాడు. డీడీ గారి కారు ముందద్దం విషయంలో మాత్రం పై అధికారుల స్పష్టత కోరుతూ ఫైలు పంపారు. అది ఇంకా తిరిగి రాలేదు. ఆ వారం కురిసిన వాన కిటికీల్లోంచి నేరుగా రికార్డు గదిలోకి వచ్చింది. వానను ఉత్త కళ్లతో చూసే అదృష్టం ముందుగా మా ఫైళ్లకు పట్టింది.

ఇక చదవడం ఎలా? చేయి చాలడం లేదు కాబట్టి దూరం పెంచారు. హాలు ఆ చివర మస్తాన్‌వలి ఫైలు ఎత్తి పట్టుకుని నిలబడాలి, ఈ చివర సూపరింటెండెంట్ గారు చదవాలి. ఆ దూరానికి మామూలు అక్షరాలు ఆనవు గనుక అక్షరాలు పెద్దవి చేశారు. పెద్దవి చేస్తే కాగితానికి రెండు మాటలే పట్టేవి. 'పై విషయమునకు' ఒక కాగితం, 'సంబంధించి తమరు' ఇంకో కాగితం. ఒక చిన్న సెలవు చీటీ చదివి ముగించేసరికి మస్తాన్‌వలి భుజాలు పడిపోయేవి.

"పదహారు కాయితాలెత్తినా గందా సార్, ఇంతకీ సెలవిచ్చినట్టా ఇయ్యనట్టా?" అనేవాడు.

"ఆఖరి కాగితం ఇంకోసారి ఎత్తు" అనేవారు పరంధామయ్య గారు.

సంతకం ఇంకా కష్టం. ఎక్కడ పెట్టాలో కనిపించదు. ఒకసారి ఆయన సంతకం కాగితం దాటి బల్ల మీదకు పోయింది. దాంతో డీడీ గారు కొత్త వెసులుబాటు కల్పించారు. తాత్కాలికంగా, ప్రజాహితం దృష్ట్యా, అధికారులు వేలిముద్ర వేయవచ్చు. వేలిని మస్తాన్‌వలి పట్టుకెళ్లి సరైన చోట పెడతాడు. మా శాఖ పుట్టిందే జిల్లాలో వేలిముద్రలు మాన్పించడానికి. మా గోడ మీద ఆ సంగతి రంగుల్లో రాసి ఉంది కూడా. కాకపోతే గోడ దూరంగా ఉంది కాబట్టి అందరికీ చక్కగా కనిపిస్తోంది.

ఒక రోజు మా రాత్రి బడిలో చదువుకున్న కోటమ్మ అనే పెద్దావిడ, అక్షరాలు నేర్చినట్టు సర్టిఫికెట్ కోసం వచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, నాలుక బయటపెట్టి, గుండ్రంగా తన పేరు రాసింది. పక్కన పరంధామయ్య గారు బొటనవేలు వేశారు.

కోటమ్మ ఆ నీలం మరక వంక చూసింది. "నేను సంతకం బెడితిని గదయ్యా, మీరేందయ్యా ఏలు బెడతన్నారు?" అంది.

"అది పై అధికారుల పద్ధతమ్మా" అన్నాను నేను.

"అయితే నన్ను కిందనే ఉండనీ తల్లీ" అని సర్టిఫికెట్ చుట్టుకుని వెళ్లిపోయింది.

ఇలా ఉండగా శిబిరంలో నా వంతు వచ్చింది. డాక్టరమ్మ నా కళ్లలోకి రకరకాల యంత్రాలతో చూసి, కుర్చీ వెనక్కి జరిపి, "నీకు చేయకూడదమ్మా" అంది.

"ఎందుకండీ?"

"నల్లగుడ్డు మీద పొర నీకు పుట్టుకతోనే పలచన. లేజరుతో దాన్ని ఇంకా చెక్కితే ముందుకు ఉబ్బిపోవచ్చు. అప్పుడు అద్దాలు పెట్టినా కనిపించదు. నీకున్న చూపు మంచిదే. అద్దాలు పెట్టుకో, హాయిగా ఉండు."

ఆశ పోయినందుకు కాస్త బాధేసింది. కానీ ఒక మనిషి కారణం చెప్పి వద్దనడం చాలా రోజుల తర్వాత విన్నాను, అందుకని మనసు తేలికపడింది కూడా. ఆమె రాసిచ్చిన రిపోర్టు డీడీ గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చేయి చాపి చూసి, "ఏమని ఉన్నది?" అని అడిగారు. నేనే చదివి వినిపించాను.

"పలచన!" అన్నారు డీడీ గారు. "శాఖలో మరెవరికీ లేని పలచన నీకు ఎట్లు వచ్చినది? మెమో రాసుకో."

నా మీద మెమో నా చేతే రాయించారు. 'జూనియర్ అసిస్టెంట్ కుమారి శిరోమణి తన కంటిపొరను ముందస్తు అనుమతి లేకుండా నిర్ణీత మందము కంటె పలచనగా ఉంచుకొని, శాఖ లక్ష్యమునకు విఘాతం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' రాశాక తప్పులున్నాయేమో చదివి చూడమన్నారు. ఒకచోట కామా లేదు. పెట్టాను. ఆయన వేలిముద్ర వేశారు. నేను నాకే అందజేసుకుని, అందినట్టు సంతకం చేశాను.

సంజాయిషీలో ఉన్నది ఉన్నట్టు రాశాను. 'సదరు పొర ఏర్పడిన కాలమున నేను ఈ శాఖలో ఉద్యోగిని కానందున, అనుమతి కోరుటకు అవకాశము లేకపోయినదని మనవి.' ఆ కాగితాన్ని డీడీ గారికి నేనే చదివి వినిపించాను. ఆయన చాలాసేపు తల పంకించి, "సంతృప్తికరముగా లేదు" అన్నారు.

మస్తాన్‌వలికి చూపు ఉంది గానీ చదువు రాదు కాబట్టి, అప్పటికి ఆఫీసులో చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. అద్దాలు పెట్టుకుని హాల్లో కనిపించకూడదు గనుక నన్ను రికార్డు గదిలో తలుపు చాటున కూర్చోబెట్టారు. డీడీ గారితో సహా అందరూ ఫైళ్లు పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని లోపలికి అందించేవారు. నేను గొంతు తగ్గించి చదివేదాన్ని. "ఆమెను అడుగు" అనేవారు కాదు. "రికార్డులను సంప్రదించవలెను" అనేవారు.

ఇంతలో డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి జిల్లాను అద్దాల రహితంగా ప్రకటిస్తారని కబురు వచ్చింది. డీడీ గారు వేరే ఊళ్లో ఇంకో ఆసుపత్రి వెతికారు. సొంత పూచీ మీద సంతకం చేస్తే పొర గొడవ పట్టించుకోకుండా లేజరు కొడతారట. ఆ పూచీకత్తు కాగితం మీద నేను సంతకం చేయాలి. చేస్తే నా ప్రొబేషన్ పూర్తయినట్టు. చేయకపోతే పొడిగిస్తారు, ఆ తర్వాత ఇంటికి పంపుతారు. పరీక్ష రాసి, రెండేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఉద్యోగం. మా ఇంట్లో నెల నెలా వచ్చే జీతం అదొక్కటే.

ప్రకటన రోజుకు ముందు, ఆదివారం పొద్దున, పరంధామయ్య గారు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మా వీధి మొదట్లోనే నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపారు. దగ్గరకొచ్చాక గడప తగిలి తూలారు. అమ్మ వసారాలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"ఎట్టా ఉన్నయి సార్ కళ్లు?" అని అడిగింది.

"ఏం చెప్పమంటావమ్మా! కొండ మీద మేక కనపడుద్ది, కంచంలో చేప ముల్లు కనపడదు. మొన్న గొంతులో గుచ్చుకుంది. మా ఆవిడ చేపలు తేవడం మానేసింది." ఆయన గొంతు తగ్గించారు. "మనవరాలు పుట్టింది. ఒళ్లో పెట్టారు. మొహం కనపడలా. కాస్త దూరంగా పట్టుకోండమ్మా, చూస్తానంటే మా కోడలికి కోపమొచ్చింది."

తర్వాత పని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, జిల్లా అంతా అయిపోయింది. నీ ఒక్కదాని దగ్గర ఆగింది. డీడీ గారు నా మీద పడుతున్నారు. ఒక్క సంతకం పెట్టేయ్. ఏం కాదులే."

"ఏం కాదని డాక్టరమ్మ చెప్పలేదు సార్" అన్నాను. "నేను చేయించుకోను."

ఇన్నాళ్లూ ఆ మాట ఎవరితోనూ ఇంత తిన్నగా అనలేదు.

"ఉద్యోగం పోద్ది తల్లీ."

అమ్మ సూది ఆపింది. "ఉద్దోగం మీరిచ్చారు, కావాలంటే మీరే దీసుకుంటారు. కళ్లు నేనిచ్చినయి సార్. అయి మీ ఆఫీసులో జమ కావు" అంది.

ఆయన కాగితం తీసి, "ఇక్కడమ్మా, ఇక్కడ సంతకం" అని వేలు పెట్టారు. వేలు ఆసుపత్రి బొమ్మ మీద పడింది. పక్కకు జరిపారు. కాగితం దాటి తన మోకాలి మీద పడింది. అది చూసి అమ్మ మనసు కరిగిపోయింది. తన ముక్కు మీది అద్దాలు తీసింది. బజారులో బండి మీద కొన్నవి, ఒక పక్క దారం కట్టినవి.

"ఇయ్యి బెట్టుకోండి సార్. ఇక్కడెవురున్నారు మీకు సిగ్గుపడటానికి?"

పరంధామయ్య గారు వీధి వైపు చూశారు. ఎవరూ లేరు. పెట్టుకున్నారు.

ముందు తన చేతులు చూసుకున్నారు. వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నారు. బొటనవేలి మీద నీలం సిరా గోరు సందుల్లోకి పోయి గట్టిపడి ఉంది. దాన్ని చాలాసేపు చూశారు. కాఫీ గ్లాసు మీద రాసి ఉన్న పేరు చదివారు. ఆ తర్వాత పూచీకత్తు కాగితం మొదటినుంచి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టారు. 'చూపు పాక్షికముగా గానీ పూర్తిగా గానీ పోయినచో' దగ్గర ఆగారు. మళ్లీ చదివారు.

"ఇది నేనూ పెట్టానా?"

"మన ఆసుపత్రి కాగితంలోనూ ఇదే మాట ఉంది సార్. మీరే అందరికంటే ముందు పెట్టారు."

కొబ్బరి చెట్టు మీద కాకి అరుస్తోంది. ఆయన ఉన్నట్టుండి, "అమ్మాయ్, నువ్వెళ్లి ఆ గేటు దగ్గర నిలబడు" అన్నారు.

వెళ్లి నిలబడ్డాను. అమ్మ అద్దాల్లోంచి ఆయన నన్ను తేరిపార చూశారు. దగ్గరి చూపు అద్దాల్లోంచి చూస్తే దూరాన ఉన్న మనిషి పొగలో ఉన్నట్టు ఉంటుందని నాకు తెలుసు.

"మొహం మీద ఏమన్నా ఉందా?" అని అడిగారు.

"అద్దాలున్నాయి సార్."

"నిన్ను అడగలేదు. నన్ను నేను అడుక్కుంటున్నా." ఇంకోసారి చూశారు. "నాకేం కనపడటంలా."

పూచీకత్తు కాగితం తిరగేసి, పెన్ను తీసి, వెనక రాయడం మొదలుపెట్టారు. మామూలు సైజు అక్షరాలు. రాశాక ఆఫీసు గొంతుతో చదివి వినిపించారు. 'పై ఉద్యోగిని నివాసమునకు వెళ్లి స్వయముగా పరిశీలించగా, ఆమె ముఖమున ఎట్టి కళ్లద్దములు కానరానందున, సదరు ఉద్యోగిని శాఖ లక్ష్యమును పూర్తి చేసినదిగా పరిగణించి ప్రొబేషన్ ఖరారు చేయవచ్చును.' కింద సంతకం చేశారు. ఇంటి పేరు మొదటి అక్షరం నుంచి చివరి గీత దాకా తాపీగా పెట్టి, తల పక్కకు వాల్చి చూసుకున్నారు. గీత కింద ఒక చిన్న చుక్క కూడా పెట్టారు.

"డీడీ గారు ఒప్పుకుంటారా సార్?" అని అడిగాను.

"ఆయనకు చదివి వినిపించేది నువ్వేగా" అన్నారు.

కాగితం మడిచి నా చేతికిచ్చి లేచారు. అమ్మ తన అద్దాల కోసం చెయ్యి చాపింది. ఆయన అద్దాలు తీశారు. కాడలు జాగ్రత్తగా మడిచారు. చొక్కా జేబులో పెట్టుకుని, పైకి కనిపించకుండా చేతిరుమాలు కప్పారు. అమ్మ చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా, ఎవరి వంకా చూడకుండా, కాలితో తడుముకుని చెప్పులు వేసుకుని, గేటు తీసుకుని వెళ్లిపోయారు.